కొండదారిలో ఒంటరి బాటసారి

వేసవి వచ్చినంతనే కొండలకు పోవలెనను కోరిక మనుష్యునకు సహజము. అందులోను ఒంటరిగా పోయినవానికే కొండ తన గుట్టు విప్పి చెప్పునని చాలమంది నమ్మకము. అమెరికా పడమటి భాగమునగల పర్వత జాతీయోద్యానములలో ప్రతి వేసవియందును మోటారుబండిపై ఒంటరిగా విహరించువారు ఎందరో కలరు. ఆ దేశమునకు చదువులకును, ఉద్యోగములకును పోయిన మన తెలుగు పిల్లలు కూడ ఆ కొండలను చూచి వచ్చి, మనకు ముచ్చటలు చెప్పుచున్నారు. అయితే ఆ దారుల చరిత్రను కొంచెము పరిశీలించినచో, 'ఒంటరి' యను మాటను మనము మరల తూచి చూడవలసి వచ్చును. మేము ఇచట చెప్పబూనినది ఆ సంగతియే.

1870వ సంవత్సరమున ఎల్లోస్టోన్ ప్రాంతపు వింతలను స్వయముగా చూచి రావలెనని మొంటానా సీమనుండి ఒక బృందము బయలుదేరెను. అందులో ట్రూమన్ ఎవర్ట్స్ అనునతడు ఒకడు. వయస్సు ఏబది దాటినది. పన్నుల శాఖలో పనిచేసినవాడు. సెప్టెంబరు 9వ తేదీన దట్టమైన అడవిలో అతడు తోడివారికి దూరమయ్యెను. దారి వెదకుటకై గుఱ్ఱము దిగగా, అది బెదరి పారిపోయెను. కంబళ్లు, తుపాకి, అగ్గిపుల్లలు దానితోనే పోయినవి. నాటకశాలలలో దూరమున కూర్చున్నవారు వాడుకొను చిన్న దుర్భిణి మాత్రము అతనియొద్ద మిగిలెను. దాని అద్దముతో ఎండను పట్టి నిప్పు రాజేసికొనెను. ముండ్లమొక్కల దుంపలను వేడినీటి ఊటలలో ఉడికించి తినెను. మంచు కురిసినప్పుడు ఆ ఊటల ప్రక్కనే పండుకొని ప్రాణము నిలుపుకొనెను. ఇట్లు 37 దినములు గడచిన పిమ్మట, అక్టోబరు 16న, వెదకబోయిన ఇరువురు మనుష్యులు అతనిని కనుగొనిరి. అప్పటికి అతడు ఎముకల గూడువలె నుండెను. కోలుకొని, తన అనుభవమును తానే వ్రాసి ప్రకటించెను. బాట లేని చోట ఒంటరితనమనగా ఏమో తెలియుటకు ఈ యొక్క కథ చాలును.

1872 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు గ్రాంట్ చేవ్రాలుతో ఎల్లోస్టోన్ జాతీయోద్యానమైనది. ఈ పేరుతో ప్రపంచమున వెలసినవానిలో ఇది మొదటిది. తొలిదినములలో చూడవచ్చువారు రైలు దిగి గుఱ్ఱపుబండ్లలో తిరిగెడివారు. పిమ్మట మోటారు వచ్చినది. 1908లో మౌంట్ రెయినియర్ ఉద్యానమునను, 1913లో యోసెమిటీయందును, 1915 ఆగస్టు 1వ తేదీన ఎల్లోస్టోన్‌లోను కార్లకు ప్రవేశము లభించెను. కార్ల చప్పుడునకు గుఱ్ఱములు బెదరుచుండుటచే ఒకే బాటపై రెండును సాగుట కష్టమయ్యెను. రెండేండ్లు గడచునప్పటికి ఎల్లోస్టోన్ యాత్రికులను త్రిప్పుటకు గుఱ్ఱపుబండ్ల స్థానమున మోటారు బస్సులు నిలిచినవి. 1916లో జాతీయోద్యానముల శాఖ ఏర్పడగా, దాని మొదటి అధిపతియగు స్టీఫెన్ మేథర్ కార్లను ఆహ్వానించెను. ప్రజలు వచ్చి చూచిననేగాని ప్రజాప్రతినిధులు ధనమీయరని ఆయన యెరుగును.

ధనము వచ్చినది, దారులు వచ్చినవి. వానిలో గ్లేసియర్ ఉద్యానమునగల 'గోయింగ్ టు ది సన్' రోడ్డు ప్రసిద్ధము. 'సూర్యునికడకు పోవు బాట' అని దాని పేరునకు అర్థము. 50 మైళ్ల పొడవున అది 6,646 అడుగుల ఎత్తుగల లోగన్ కనుమను దాటును. మొదటి ఆలోచన ప్రకారము కొండవాలుపై పదునైదు మలుపులు తిప్పవలెను. థామస్ వింట్ అను శిల్పి, అట్లు చేసినచో కొండ మేను గాట్లుపడునని చెప్పి, ఒకే పెద్ద మలుపుతో కొండగోడను తొలిచి పోవు మార్గమును సూచించెను. అది వ్యయప్రయాసలతో కూడినదైనను దానినే అంగీకరించిరి. పనిలో ముగ్గురు కార్మికులు అసువులు బాసిరి. 1933 జూలై 15న రోడ్డునకు ప్రారంభోత్సవము జరిగెను. నేటికిని ప్రతి వసంతమునను యంత్రములతో నెలలతరబడి మంచును త్రవ్వి తీసినగాని ఆ దారి తెరువబడదు. కనుమ చెంత ఒక్కొక్కయేడు 80 అడుగుల దాకా మంచు పేరుకొనును.

ఇంతకును ఆ కొండలు నిర్జనములు కావు. గ్లేసియర్ తూర్పుభాగము బ్లాక్‌ఫీట్ జాతివారిది. 1895లో వారు దానిని 15 లక్షల డాలర్లకు ప్రభుత్వమునకు వదలుకొనిరి. వేటకును, కట్టెకును తమకు హక్కు నిలుపుకొనియే ఒడంబడిక చేసికొనిరి. 1910లో ఉద్యానము వెలసినంతనే ఆ హక్కులు లేవని ప్రభుత్వము వాదించెను. యోసెమిటీ లోయలోని అవానీచీ జనులపై 1851లోనే ఆయుధధారులు దండెత్తి వారిని తరిమిరి. 1877 వేసవిలో నెజ్ పర్స్ జాతివారు సైన్యము తరుముచుండగా ఆలుబిడ్డలతో ఎల్లోస్టోన్ గుండ పరుగులిడిరి. అదే వేసవిలో అచట కొందరు వినోదయాత్రికులును ఉండిరి. ఒకే అడవిలో ఒకరిది విహారము, మరియొకరిది ప్రాణభీతి!

కార్లను పిలిచినవారే మరల కార్లను ఆపవలసిన దినములును వచ్చినవి. 1970లో యోసెమిటీ లోయ తూర్పుకొనయందు సొంతకార్లను నిషేధించి, ఉచితముగ బస్సులను నడుపసాగిరి. ఏకాంతమును కోరి అందరును ఒక్కచోటికే చేరినచో ఏకాంతమెక్కడిది?

ఆ దారిన ఒంటరిగా పోవువారిని మేము తప్పుపట్టుట లేదు. ప్రక్క ఆసనము ఖాళీగానున్నను, ఆ బండిలో ఎందరో కూర్చుండియున్నారని మాత్రము మనవి చేయుచున్నాము. రాయి తొలిచినవాడు, మంచు తీసినవాడు, భూమిని పోగొట్టుకొన్నవాడు, అందరును తోడివారే. ఎవర్ట్స్ ప్రాణము దక్కినది అతని ధైర్యమువలన కొంత. వెదకబోయిన ఇరువురివలన కొంత. కొండనుండి దిగివచ్చు బాటసారి ఈ లెక్కను మరువకున్న, అతని యాత్ర సఫలమైనట్లే.