ఖాయం కూలా, పనికి తగ్గ కూలా? అనిశ్చితి భయం శ్రమను ఎలా మారుస్తుంది

పాతపట్నం చుట్టుపక్కల ఊళ్లలో వరి ఉభాల రోజులొస్తే ఒకే పనికి రెండు రకాల కూలి కనిపిస్తుంది. కొందరు రోజుకూలికి వస్తారు. ఇంకొందరు జట్టుగా కూడి ఎకరాకి ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటారు. గుత్త జట్టు తెల్లారకముందే మడిలో దిగుతుంది, త్వరగా ముగించి ఇంకో పొలం చూసుకుంటుంది. రోజుకూలికి వచ్చినవాళ్లు అంత పరుగు పెట్టరు. దాంతో వాళ్లు బద్ధకస్తులని గట్టు మీద నిలబడ్డవాళ్లు తేల్చేస్తారు. అది తొందరపాటు మాట. ఆకు తీయడం ఆలస్యమైనా, మడికి నీళ్లు అందకపోయినా, వాన ముంచెత్తినా గుత్త జట్టుకి ఆ పూట గిట్టదు. సాయంత్రానికి ఇంట్లో బియ్యం కావాల్సిన మనిషి ఆ లెక్క వేసుకునే రోజుకూలి ఎంచుకోవచ్చు.

అర్థశాస్త్రంలో దీనికి పాత చర్చే ఉంది. ఏది ఎంత శాతం జరగొచ్చో లెక్క తెలిస్తే అది రిస్కు, ఆ లెక్కే తెలియకపోతే అనిశ్చితి అని 1921లో ఫ్రాంక్ నైట్ విడదీశాడు. 1961లో డేనియల్ ఎల్స్‌బర్గ్ మరో సంగతి చూపించాడు. ఒక పెట్టెలో సగం ఎర్ర బంతులు, సగం నల్ల బంతులు ఉన్నాయని తెలుసు. రెండో పెట్టెలో ఏవి ఎన్నో తెలియదు. పందెం కాయమంటే చాలామంది మొదటి పెట్టె వైపే వెళ్తారు. ఓడిపోవడం కంటే, లెక్క తెలియకపోవడమే మనిషిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మన పల్లెల్లో కూడా ఈ పరీక్ష జరిగింది. ఇక్రిశాట్ అధ్యయనాల్లో భాగంగా హాన్స్ బిన్స్‌వాంగర్ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరుతో పాటు మహారాష్ట్ర గ్రామాల్లోనూ నిజమైన డబ్బుతో బొమ్మా బొరుసు ఆడించాడు. బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు తీసుకోవచ్చు. కాదంటే 30 లేదా 150. ఇంకా తెగిస్తే సున్నా లేదా 200. 1980లో ఫలితాలు అచ్చయ్యాయి. పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ మధ్యస్తంగా జాగ్రత్తపడ్డారు. ఆస్తి ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ పెద్ద తేడా రాలేదు. కాబట్టి పేదవాడు పుట్టుకతో పిరికివాడు అనే మాట నిలబడదు. తేడా గుండెలో లేదు, దెబ్బ తగిలితే తట్టుకునే దారుల్లో ఉంది.

మరి పనికి తగ్గ కూలి ఇస్తే శ్రమ పెరుగుతుందా? పెరుగుతుంది. అమెరికాలో కార్ల అద్దాలు బిగించే సేఫ్‌లైట్ కంపెనీ 1990ల మధ్యలో గంట జీతం నుంచి అద్దానికి ఇంత అనే పద్ధతికి మారితే, మనిషికి పని 44 శాతం పెరిగిందని ఎడ్వర్డ్ లేజియర్ లెక్క తేల్చాడు. అందులో సుమారు సగం ఉన్న పనివాళ్లే ఎక్కువ చేయడం వల్ల వచ్చింది. మిగతాది ఎక్కువగా చురుకైనవాళ్లు చేరడం, నిలవడం వల్ల. కానీ పని తగ్గినా గంటకు ఇంత అని కనీస మొత్తాన్ని ఆ కంపెనీ ఖాయంగానే ఉంచింది. ఈ సంగతి చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. పైకి ఆశ పెట్టి, కింద వల కట్టారన్నమాట.

వల లేకపోతే? భయం ఎప్పుడూ చేతిని ఆపుతుందని చెప్పలేం. చాలదేమోనన్న దిగులుతో ఇంకో గంట ఎక్కువ వంగేవాళ్లూ ఉంటారు. అయితే ఎంత చేసినా ఫలితం తన చేతిలో లేదని తోస్తే, ఆ అదనపు గంట మీద నమ్మకం పోతుంది.

సేద్యంలో ఈ చిక్కు ఇంకా ముదురు. ఖాయం కౌలు తీసుకుంటే ఎక్కువ పండిన ప్రతి బస్తా రైతుదే, కానీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర్లో తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను వస్తే నష్టమూ మొత్తం అతనిదే. సగపాలుకి చేస్తే అదనపు బస్తాలో సగమే దక్కుతుంది, అందుకే ఒళ్లు వంచడం తగ్గుతుందని ఆల్ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచీ వాదన ఉంది. కానీ నష్టంలోనూ సగం పంచుకుపోతుంది.

మన ఫిఖ్‌హ్‌లోనూ ఇదే చర్చ. ఇమామ్ అబూ హనీఫా పాలు సేద్యాన్ని, అంటే ముజారఅను, ఒప్పుకోలేదు. పనివాడికి దక్కేదెంతో ముందు తెలియకపోవడం అక్కడ ఒక అభ్యంతరం. శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అనుమతించారు, హనఫీల్లో ఫత్వా వాళ్ల మాట మీదే నడిచింది. షరతు ఏమిటంటే వాటా సగమో మూడో వంతో అని ఉండాలి. భూయజమానికి ముందే ఇన్ని బస్తాలు, ఆ మూల పంట ఇతనికి అని రాస్తే చెల్లదు. పండకపోతే దెబ్బ ఒక్కడి మీదే పడకూడదని ఇందులో ఉద్దేశం.

ఖాయం జీతమైనా అనిశ్చితి పూర్తిగా పోదు. మన జిల్లా మత్స్యకారులు వేటలో వాటా వదులుకుని గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో జీతానికి వెళ్తుంటారు. చేప పడుతుందా లేదా అన్న బెంగ తగ్గుతుంది. 2018 నవంబర్‌లో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లను పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు.

ఇంటి దగ్గరి ఉపాధి పని సంగతికొస్తే, 2005 చట్టం కింద చేసిన మట్టి పనుల్లో కూలి రోజుకింత అని పేరు, లెక్క మాత్రం కొలతను బట్టి. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించిన రేటు 300 రూపాయలు. జట్టు మొత్తం తవ్వింది కొలిచి, హాజరైనవాళ్లందరికీ పంచేవారు. నేను బాగా తవ్వినా పక్కవాడు తవ్వకపోతే, నేల గట్టిగా ఉండి కొలత తగ్గితే, నా కూలీ తగ్గేది. గుత్త లాగా లాభమూ లేదు, రోజుకూలి లాగా భరోసా లేదు. పైగా డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు. పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే పరిహారం ఇవ్వాలని నిబంధన ఉంది. రోజుకి 0.05 శాతం. అంటే 300 రూపాయల కూలికి రోజుకి 15 పైసలు.