పేరు మారిన పటాలం

రోమ్ సైన్యం గురించి చదువుతుంటే నాకు ఒక సంగతి ఆశ్చర్యం కలిగించింది. తూర్పు సరిహద్దును కాపాడే పదో లెజియన్ మొదట జెరూసలేంలో ఉండేది. తర్వాత ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న ఐలాకు మారింది. చక్రవర్తులు ఎందరో మారారు, పటాలం మాత్రం వందల ఏళ్ళు నిలిచింది. అలాంటి పటాలం మన వైపు ఉందా అని వెతికితే, మన నాందేడ్ జిల్లాలోనే యుద్ధం చేసిన పటాలం ఒకటి దొరికింది.

నిజాం కాలంలో మన ప్రాంతమంతా హైదరాబాద్ రాజ్యమే. మన కిన్వట్ తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1813లో హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ ఒక సైన్యాన్ని తయారు చేశాడు. దాని పేరు రస్సెల్ బ్రిగేడ్. ఖర్చు నిజాంది, పెత్తనం ఆంగ్లేయులది. 1817లో అది మహిద్‌పూర్‌లో హోల్కర్ సైన్యంతో పోరాడింది.

ఆ రోజుల్లో హట్కర్ నాయకుడు నోవసాజీ నాయక్ నిజాం మీద తిరగబడ్డాడు. ఆయన కోట పేరు నోవా. 1819 జనవరిలో ఈ సైన్యం కోటను ముట్టడించింది. లోపల అరబ్బు సైనికులు గట్టిగా పోరాడారు. చివరికి నెలాఖరున కోట పడిపోయింది.

తర్వాత ఈ సైన్యానికే హైదరాబాద్ కంటింజెంట్ అని పేరొచ్చింది. దాని జీతాల బాకీ పెరిగిపోయి, 1853లో నిజాం బేరార్‌ను ఆంగ్లేయుల చేతికి అప్పగించాల్సి వచ్చింది. అంటే తాను ఖర్చు పెట్టి పోషించిన సైన్యమే ఆయన భూమిని పోగొట్టింది! 1857లో అది ఆంగ్లేయుల పక్షాన పోరాడింది. 1903లో భారత సైన్యంలో కలిసింది, 1922లో హైదరాబాద్ రెజిమెంట్ అయ్యింది, 1945లో కుమావ్ రెజిమెంట్ అయ్యింది. 1947 నవంబరులో శ్రీనగర్ విమానాశ్రయాన్ని కాపాడుతూ ప్రాణమిచ్చి, మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఈ కుమావ్ రెజిమెంట్ వారే.

ఆ రెజిమెంట్ పాత యుద్ధ గౌరవాల్లో 'నోవా' పేరు ఉంది. గెలిచినవాళ్ళ జాబితాలో మన జిల్లా కోట పేరు మిగిలింది. కానీ ఆ కోటలో ఓడినవాళ్ళ గురించి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? సోమనాథ్ శర్మను తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. నోవసాజీ నాయక్ పేరు కూడా మరచిపోకూడదనిపిస్తుంది. ఇద్దరి కథా తెలిస్తేనే మన చరిత్ర మనకు తెలిసినట్టు.