కరెంటుకు ముందు విచారణ

వాల్వు రేడియో కాలము నెరిగిన గృహస్థులకు ఒక అనుభవము గుర్తుండియే యుండును. మీట త్రిప్పిన వెంటనే ఆ పెట్టె పలుకదు. వాల్వులలోని ఫిలమెంట్లు ఎఱ్ఱబడిన పిమ్మటనే పాట వినవచ్చును. కరెంటు ఇచ్చుటకు ఒక క్రమము కలదని మనకు తొలుత నేర్పినది అదియే. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ కంప్యూటరులో దాదాపు 18,000 వాల్వులుండెను. ఆర్పి వెలిగించినపుడే అవి ఎక్కువగా చెడిపోవుచుండుటచే, ఆ యంత్రమును వీలైనంతవరకు ఆర్పకయే నడిపిరి.

మన ప్రాంతమున ఈ కథ కుషాయిగూడ దగ్గర మొదలగును. మేడ్చల్, శామీర్‌పేటలవలెనే ఆ ఊరును 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిదే. అణుశక్తి శాఖ క్రింద 1967లో అచట వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌కు తొలి సారథి అయ్యగారి సాంబశివరావు గారు. ట్రాంబేలో 1969లో రూపొందిన టి.డి.సి. 12 కంప్యూటరును ఆ సంస్థ తయారుచేసినది, టి.డి.సి. 316 మొదలైనవి తరువాత వచ్చినవి.

ఒకే సంస్థ చేసిన యంత్రములో కార్డులన్నియు ఒక్క ఇంటివే. ఏ అరలో ఏది కూర్చుండునో చేసినవారికి తెలియును గనుక పేరడుగు పని అంతగా లేదు. వేర్వేరు సంస్థల కార్డులు ఒకే చట్రములో చేరినపుడు వచ్చినది పేచీ. 1969లో ఐరోపా పరిశోధనాలయములు ఏర్పరచిన కామాక్ పద్ధతిలో చట్రమునకు 25 అరలు. ఆజ్ఞ నందుకొన్న కార్డు 'ఎక్స్' అను తీగపై ఔనని చెప్పవలెను. జవాబు రాకున్న, అర ఖాళీ యనియో, అందున్నది ఆ ఆజ్ఞ నెరుగనిదనియో గ్రహింపవచ్చును. అయితే జవాబు చెప్పుటకు కార్డునకు ముందే కరెంటు అంది యుండవలెను గదా! సరిపడని కార్డైనచో విచారణ ముగియునప్పటికే కీడు జరిగిపోవచ్చును.

ఈ చిక్కును తరువాతివారు విడదీసిన తీరు మాకు ముచ్చటగా తోచును. నేటి యంత్రములు పెక్కింటిలో ప్రాసెసరు ఒక చిన్న మాడ్యూలుగా వేరుపడినది. దానిని మోయునది క్యారియర్ బోర్డు. 2005లో వెలువడిన కామ్ ఎక్స్‌ప్రెస్ ప్రమాణములో మాడ్యూలు తన తెగను 'టైపు' పిన్నులతో తెలుపును. కొన్ని పిన్నులు గ్రౌండుకు కలిపి యుండును, కొన్ని ఊరక విడిచి యుండును, అంతే. మాడ్యూలు నోరు విప్పనక్కరలేదు. స్టాండ్‌బై కరెంటుతో మేలుకొన్న క్యారియర్ బోర్డే ఆ పిన్నులను చదివి, తెగ సరిపడనిచో ప్రధాన సప్లైని తెరువదు.

2010లో ఆరవ టైపు వచ్చినది. రెండవ టైపునకును దీనికిని 220 పిన్నుల కనెక్టర్లు రెండేసి. ఒకదాని చోట మరొకటి చక్కగా అమరును. కాని పాతదానిలో పి.సి.ఐ., ఐ.డి.ఇ. తీగలున్న చోట క్రొత్తదానిలో తెరకు బొమ్మనంపు తీగలు మొదలైనవి చేరినవి. కంటికి ఆ తేడా తెలియదు. రెండు మూడు లాజిక్ గేట్ల ఖర్చునకు వెనుదీసి ఈ విచారణను మానుట వట్టి పిసినారితనమని మా అభిప్రాయము.

తెగ సరిపోయినచో మాడ్యూలు సంజ్ఞ చేయును, బోర్డు సప్లైని తెరచును, వోల్టేజీలు నిలకడ చెందినవని సప్లై తిరిగి తెలుపును. అప్పుడుగాని ప్రాసెసరు మొదటి అడుగు వేయదు.