పందుల బాట, ఇసుక పాన్పు

బురదలో పొరలాడు పందిని జూచి ఏవగించుకొనుట లోకమునకు పరిపాటియైనది గాని, ఒడలి వేడిమి తీరునంతగా చెమట పట్టని ఆ జంతువునకు తడియే ప్రాణాధారమనియు, శుద్ధజలముకంటె బురదయే ఆ తడిని మేనిపై చిరకాలము నిలుపుననియు ఎఱిగినవారు దానిని గూర్చి చులుకనగా మాటలాడరు.

1828లో పూర్తియైన బంకోంబ్ రహదారి అమెరికాలోని టెనెస్సీ సీమనుండి ఫ్రెంచ్ బ్రాడ్ నది వెంబడి ఆష్‌విల్ మీదుగా దక్షిణ కెరొలైనాకు సాగెడిది. శరత్కాలము ప్రవేశింపగనే ఈ బాటపై ఏటేట లక్షకు మించిన పందులు కాలినడకను తరలెడివి. ముందు నడచువాడు భుజమునకు వ్రేలాడు సంచిలోనుండి మొక్కజొన్న గింజలను గుప్పెడు గుప్పెడుగా చల్లుచు కూతపెట్టి మందను పిలుచుచుండ, వెనుకవారు అదలించుచు, క్రొవ్విన పంది రొప్పజొచ్చినచో నిలిపి సేదదీర్చుచు, దినమునకు 8, 10 మైళ్లకు మించి నడపింపక, ప్రొద్దుగ్రుంకువేళకు బాటప్రక్క మజిలీలోని దొడ్డికి చేర్చెడివారు. చలి లేనిదే మాంసము నిలువదు గనుక నడివేసవిలో మందను తోలవలసిన అగత్యమే వారికి లేకుండెను. ఋతువే పందికి రక్షయై యుండెను.

రైలుబండి వచ్చి ఆ రక్షను తొలగించెను. 1865 డిసెంబరు 25న షికాగోలో యూనియన్ స్టాక్ యార్డ్స్ అను మహాపశువిపణి వెలసెను. మంచుగడ్డలతో గదులను చల్లబఱచు ఉపాయము దొరకుటతో వేసవిలోను వధ సాగెను. పలకల సందులుగల పెట్టెలలో ఒకదాని మేనికాక మఱియొకదానికి తగులునట్లు పందులను క్రిక్కిఱియ నింపిరి. బండి పరుగిడునంతసేపు గాలియాడును. ప్రక్కపట్టాలపై ఎండలో నిలిచినంతనే ఊపిరాడదు. ఈ చరిత్రలో నా మనస్సును మిక్కిలి కలచునది ఆ నిలిచిపోయిన బండియే.

28 గంటలకు మించి పశువులను బండిలో నుంచరాదనియు, క్రిందికి దింపి మేతయు నీరును పెట్టి 5 గంటలు విశ్రమింపజేయవలెననియు 1873లో అమెరికా కాంగ్రెసు శాసించెను; 1906లో దానిని మార్చి వ్రాసిరి. శాసనము గంటలను లెక్కించెను గాని ఎండను లెక్కింపలేదు. ఆ విద్య బండి కెక్కించువారి అనుభవమునకే మిగిలినది. ఎండ తగ్గినపిమ్మట ఎక్కింపుడనియు, పెట్టెకు కొన్ని తలలు తగ్గింపుడనియు, గడ్డికి మాఱుగా ఇసుక పఱచి తడుపుడనియు వారు చెప్పెడివారు. కాక యెక్కిన పంది వీపుపై చన్నీళ్లు కుమ్మరించిన అది తత్‌క్షణమే కూలునని హెచ్చరించి, నేలనే తడిపించెడివారు. అట్లు తడిసిన యిసుకలో పంది మొదట ముట్టె దూర్చి, పిమ్మట ముంగాళ్లు మడిచి, కడుపు నేలకాన్చి మెల్లగా పండుకొనును.