లోతు డైవింగ్‌లో శ్వాస పరికరాలు: ప్రమాదాల చరిత్ర

నీటి అడుగున డైవరుకు ఊపిరి మూడు రకాలుగా అందుతుంది. పైన ఉన్న ఓడ నుంచి గొట్టం ద్వారా రావడం ఒకటి. వీపున మోసుకెళ్లిన సిలిండరులోంచి పీల్చి, వదిలినదాన్ని బుడగలుగా నీటిలోకి పోనివ్వడం రెండోది. దీన్ని ఓపెన్ సర్క్యూట్ అంటారు. వదిలిన శ్వాసలోని కార్బన్ డయాక్సైడ్‌ను సోడా లైమ్‌తో తీసేసి, తరిగిన ఆక్సిజన్ కలిపి మళ్లీ అందించే రీబ్రీతర్ మూడోది. కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ పాత ముప్పు తగ్గింది. దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది.

1880లో బ్రిటన్‌లో సెవెర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగం నీళ్లతో నిండి ఉంది. లోపల తెరిచి ఉండిపోయిన ఇనుప తలుపు మూస్తే తప్ప నీళ్లు తోడడం సాధ్యం కాదు. అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవరు మొదట గాలి గొట్టమున్న హెల్మెట్‌తో దిగాడు. అంత పొడవు గొట్టాన్ని ఈడ్చుకుంటూ పోలేక వెనక్కి వచ్చాడు. తర్వాత హెన్రీ ఫ్లూస్ తయారుచేసిన ఆక్సిజన్ రీబ్రీతర్ తగిలించుకుని, చీకట్లో దాదాపు 300 మీటర్లు నడిచి వెళ్లి తలుపు మూసి వచ్చాడు. అయితే పీడనం పెరిగితే ఆక్సిజనే విషమవుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ 1878లోనే రాశాడు. ఆ మాట బరువు రెండో ప్రపంచ యుద్ధంలో గానీ తెలియలేదు. 1941 డిసెంబరులో ఇటలీ డైవర్లు ఆక్సిజన్ రీబ్రీతర్లతో అలెగ్జాండ్రియా రేవులోకి చొరబడి రెండు బ్రిటిష్ యుద్ధనౌకలను దెబ్బతీశారు. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ యుద్ధకాలంలో చేసిన పరీక్షల్లో, ఆక్సిజన్ వల్ల మూర్ఛ ఎంతసేపటికి వస్తుందనేది మనిషిని బట్టే కాదు, ఒకే మనిషిలో రోజును బట్టీ మారింది. శుద్ధ ఆక్సిజన్‌కు నేడు సాధారణంగా పాటించే హద్దు 6 మీటర్లే.

1943లో ఝాక్ కూస్తో, ఎమిల్ గాన్యాఁ రూపొందించిన ఆక్వాలంగ్ ఈ చిక్కును తప్పించింది. సిలిండరులో మామూలు గాలే, సున్నితమైన ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. కానీ గాలిలోని నైట్రోజన్ లోతున మత్తెక్కిస్తుంది. 1947లో కూస్తో బృందంలోని మోరిస్ ఫార్గ్ తాడు వెంట 120 మీటర్ల దాకా దిగి, అక్కడ కట్టిన పలక మీద సంతకం చేశాడు. పైకి లాగేసరికి ప్రాణం లేదు. నోట్లో ఉండాల్సిన గొట్టం ఛాతీ మీద వేలాడుతోంది. మత్తుకు విరుగుడుగా హీలియం కలపవచ్చని అప్పటికే తెలుసు. 1937లోనే మాక్స్ నోల్ మిషిగన్ సరస్సులో హీలియం మిశ్రమంతో 128 మీటర్లు దిగాడు. హీలియం మత్తును తగ్గిస్తుంది కానీ వాడకాన్ని తగ్గించదు. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 100 మీటర్ల దగ్గర 220 లీటర్లు కావాలి. 2,400 లీటర్లు పట్టే సిలిండరు అక్కడ 11 నిమిషాలు కూడా రాదు. 1994లో మెక్సికోలోని సకటోన్ అనే నీటి బిలంలో ఓపెన్ సర్క్యూట్‌తో 300 మీటర్లు దాటాలని దిగిన షెక్ ఎక్స్‌లీ, అప్పటికే ఎన్నో రికార్డులున్నవాడు, తిరిగి రాలేదు.

రీబ్రీతర్‌కు ఈ లెక్క వర్తించదు. శరీరం ఖర్చుచేసే ఆక్సిజన్ ఏ లోతులోనైనా ఇంచుమించు అంతే. ఆక్సిజన్ మోతాదును సెన్సర్లతో నియంత్రించే ఎలక్ట్రోలంగ్ 1968లో అమ్మకానికి వచ్చింది. 1997లో వచ్చిన ఇన్‌స్పిరేషన్‌తో ఈ పరికరం సామాన్య డైవర్ల చేతికి అందింది. సిలిండరు ఖాళీ అవుతుంటే మీటరు చూపిస్తుంది; సెన్సరు తప్పు చెబితే శరీరానికి తెలియదు. ఆక్సిజన్ తగ్గినవాడు ఏ బాధా లేకుండానే స్పృహ తప్పుతాడు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఆయాసంతో హెచ్చరిస్తుంది, కానీ అప్పటికి నోటిలోది మార్చుకునే వ్యవధి కూడా ఉండకపోవచ్చు. 2005 జనవరిలో దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్‌లో, 270 మీటర్ల లోతున, పదేళ్ల కిందట చనిపోయిన డైవరు దేహాన్ని తేబోయిన డేవ్ షా ఇలాగే మరణించాడు. హెల్మెట్ కెమెరాలో అతని శ్వాస వేగం పెరుగుతూ పోవడం వినిపిస్తుంది. రీబ్రీతర్ చెడిపోలేదు. అంత పీడనంలో చిక్కబడిన వాయువును లోపలికీ బయటికీ తోయడమే కష్టం. దానికి శ్రమ తోడైంది. పీల్చే వాయువు సాంద్రత లీటరుకు 6.2 గ్రాములు దాటకూడదని తర్వాతి పరిశోధకులు సూచించారు. మామూలు గాలి 40 మీటర్ల దగ్గరే ఆ హద్దు దాటుతుంది.

చమురు రిగ్గుల పనివాళ్లు గొట్టాన్ని వదల్లేదు. సాచురేషన్ పద్ధతిలో వాళ్లు రోజుల తరబడి పీడన గదిలోనే ఉంటూ పనికి దిగుతారు. వాయువు అయిపోతుందన్న బెంగ లేదు, కానీ ప్రాణం పైనున్నవాళ్ల చేతిలో ఉంటుంది. 1983లో బైఫోర్డ్ డాల్ఫిన్ రిగ్గు మీద పీడనం ఒక్కసారిగా పడిపోయి అయిదుగురు చనిపోయారు. 2012లో ఉత్తర సముద్రంలో ఓడ అదుపు తప్పడంతో 90 మీటర్ల లోతున క్రిస్ లెమన్స్ అనే డైవరు గొట్టం తెగింది. కొద్ది నిమిషాలకే సరిపడే అత్యవసర వాయువుతో అరగంటకు పైగా ఉండి కూడా బతకడం అరుదైన సంగతి. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025లో నౌకాదళంలో చేరింది. అది ఈ సాచురేషన్ డైవింగ్ కోసం నిర్మించిన ఓడే.

1998 నుంచి 2010 దాకా జరిగిన 181 రీబ్రీతర్ మరణాలను ఆండ్రూ ఫాక్ విశ్లేషించాడు. ఓపెన్ సర్క్యూట్‌తో పోలిస్తే మరణాల రేటు సుమారు పది రెట్లని తేల్చాడు. మూడింట రెండొంతుల ఘటనల్లో సాహసపు డైవింగో, నిబంధనలు పక్కన పెట్టడమో ఉంది కాబట్టి నేరమంతా యంత్రానిది కాదు. అయినా రీబ్రీతర్‌తో లోతుకు వెళ్లేవాళ్లు, అది మొరాయిస్తే పైకి రావడానికి బెయిలౌట్ సిలిండర్లు వెంట ఉంచుకుంటారు. 100 మీటర్లకు ఓడ తోడు లేకుండా దిగేవారికి రీబ్రీతర్‌కు మించిన మార్గం లేదు. 40 మీటర్ల లోపు సరదాకు దిగేవారికి మాత్రం దాని లాభం కన్నా చాకిరీ, ముప్పు ఎక్కువ.