దేవుని మాన్యం - భక్తుని పూచీకత్తు



జీర్ణోద్ధరణ అనగానే మన దృష్టి విమాన గోపురం మీదా, ధ్వజస్తంభం మీదా నిలుస్తుంది. అది సహజమే. కాని నిత్య ధూపదీప నైవేద్యాలకు ఆధారమైన మాన్యం అన్యాక్రాంతమైతే, ఎంతటి గోపురం కట్టినా గర్భాలయంలో దీపం వెలగడం కష్టం. దాతలైన మీరు ఆ భూముల గురించి కూడా కొంత తెలుసుకొనుట మేలని ఈ నాలుగు మాటలు విన్నవిస్తున్నాను.

మన పూర్వులు భూదానాన్ని రాతిపై చెక్కించి, దానిని హరించినవారికి కలిగే పాపాన్ని కూడా చివర చెక్కించేవారు. నాటికి ఆ శాపవాక్యమే రక్షణ. ఆంగ్లేయుల కాలంలో కోర్టులు వెలసిన తరువాత శాపం చాలలేదు, దావా వేయవలసి వచ్చింది. మరి దేవుని పక్షాన దావా వేయవలసినది ఎవరు? ఆస్తి దేవునిదే అయినా దావా వేసే హక్కు దేవస్థాన నిర్వాహకునిదని 1904లో జగదీంద్రనాథ్ రాయ్ వ్యాజ్యంలో లండనులోని ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. 1925లో కలకత్తా మల్లిక్ కుటుంబ వ్యాజ్యంలో అదే న్యాయపీఠం, దేవతామూర్తి చట్టదృష్టిలో ఒక వ్యక్తియేనని, ఆ మూర్తి తరఫున నిష్పాక్షికుడైన ప్రతినిధి ఉండాలని పలికింది.

నిర్వాహకుడే దేవుని ఆస్తిని అమ్ముకుంటే? కంచే చేను మేసిన ఈ చిక్కును విడదీసినవారు మన తెలుగువారు కావడం విశేషం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 1967 ఫిబ్రవరిలో రాధావల్లభ స్వామి వ్యాజ్యంలో తీర్పు ఇచ్చారు. దేవుడు మైనరు వంటివాడు. రక్షించవలసినవాడే విడిచిపెట్టినప్పుడు, ఆ దేవుని కొలిచే భక్తుడు ఆయన తరఫున దావా వేసి ఆస్తిని తిరిగి రాబట్టవచ్చునని ఆ తీర్పు సారాంశం. సామాన్య భక్తునికి న్యాయస్థానపు తలుపు తెరిచిన తీర్పు అది.

ఆ గడపలో ఒక అడ్డు కూడా ఉన్నది. 1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించినప్పుడు 32వ ఆర్డరులో 2-ఎ రూలు చేర్చారు. మైనరు తరఫున దావా వేసిన వ్యక్తి, ప్రతివాదికి అయ్యే ఖర్చులకు ముందుగా పూచీకత్తు ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. ఆ రూలులో దేవుని ప్రస్తావన లేదు. మైనరుతో చేసిన పోలికను ఆధారం చేసుకొనే ప్రతివాది దరఖాస్తు పెట్టగలడు; ఆ పోలిక అంతదూరం సాగదని వాదించే వీలు భక్తునికీ ఉంది. అన్ని దావాలకూ వర్తించే 25వ ఆర్డరు కింద కూడా వాదిని పూచీకత్తు అడగవచ్చు.

ఈ దరఖాస్తులను కేవలం దుష్టతంత్రాలని కొట్టివేయరాదు. దేవుని పేరు చెప్పి పొరుగువానిపై కక్ష తీర్చుకొనేవారూ లోకంలో లేకపోలేదు. నిరపరాధియైన ప్రతివాది ఖర్చులకు ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి కదా! అయితే ఫలితం మాత్రం కఠినం. కోర్టు విధించిన గడువులోగా పూచీకత్తు సమర్పించకపోతే, వాది దావాను ఉపసంహరించుకొనడానికి అనుమతి పొందితే తప్ప, అది కొట్టివేయబడుతుంది. భూమి ఎవరిదన్న ప్రశ్న విచారణకే రాదు. తగిన కారణం చూపి దావాను పునరుద్ధరించమని కోరవచ్చును గాని, ఆలోగా ఆక్రమణదారు ఆ పొలంలో మరో పంట తీసుకుంటాడు. ఆదేశించేటప్పుడు కోర్టు కారణాలు వ్రాయాలి. వాది పేదవాడన్న ఒక్క కారణం చాలదన్నది న్యాయస్థానాలు సాధారణంగా పాటిస్తూ వచ్చిన నియమం. పూజారియో, చిన్న రైతో వాదిగా నిలిచినప్పుడు వారి న్యాయవాది మొదట ఎత్తిచూపవలసినది ఇదే.

విదేశాలలో స్థిరపడిన దాతలు మరొక సంగతి గమనించాలి. స్వయంగా వాదులై దావా వేసినవారందరూ భారతదేశం వెలుపలనే నివసిస్తూ, వివాదంలోని భూమి తప్ప ఇక్కడ చాలినంత స్థిరాస్తి వారిలో ఏ ఒక్కరికీ లేకపోతే, కోర్టు పూచీకత్తు అడిగి తీరాలి. విచక్షణకు తావు లేదు. వాదులలో ఒక్కరైనా ఇక్కడ నివసిస్తుంటే ఈ నిర్బంధం ఉండదు. అప్పీలుకు 41వ ఆర్డరు 10వ రూలులోనూ ఇటువంటి ఏర్పాటే కలదు. కనుక పిత్రార్జితమైన పొలాన్ని స్వామికి సమర్పించదలచి, దానిపై తగాదా నడుపుతున్న ప్రవాస దాతలు, ఊరిలో ఉన్న సహ హక్కుదారు ఎవరైనా ఉంటే వారిని కూడా వాదిగా చేర్చే విషయం దావా వేయకముందే న్యాయవాదితో సంప్రదించుట మంచిది.