పెండ్లి చీర అంచు

మన పానగల్లు ఒకనాడు కందూరు చోడుల రాజధాని. 12వ శతాబ్దిలో కాకతీయ రుద్రదేవుడు ఈ పురమును జయించి, ఉదయచోడుని కుమార్తె పద్మావతిని పరిణయమాడెనని చరిత్రకారులు వ్రాసిరి. రాజుల పెండ్లిలో సంధి కలదు. వలపును శిలపై నెవ్వరును చెక్కింపలేదు. నాటి పెండ్లి పట్టును మిగులలేదు. ఉదయసముద్రము మాత్రము నేటికిని మన పొలములను తడుపుచున్నది.

మన యిండ్ల పెట్టెలలో మిగిలినవి గద్వాల చీరలు. మేను నూలు, అంచును కొంగును పట్టు. నూలు ముందుగా చివుకును. పట్టంచును విప్పి క్రొత్త గుడ్డకు కుట్టి కూతునకిత్తురు. మా తల్లిగారి పెండ్లి చీరయు నట్టిదే. 1972 కరువున, జరీ కరగించి వెండి తీయువాడు గడపకు రాగా, అమ్మ ఆ చీరను తెచ్చి ముందుంచినదట. నాన్నగారు మాటాడక తమ వెండి మొలత్రాడు విప్పి వాని త్రాసులో వేసిరట. అక్క చెప్పగా వింటిని. లెక్కలు వ్రాయు నాకది నష్టపు బేరమే. ఆ అంచు అక్క పెండ్లికిని, నిరుడు ఆమె కూతురి పెండ్లికిని వచ్చినది.